ఎద్దుమైలారం ఆకుపచ్చ

ట్యాంకుల స్కేల్ మోడల్స్, అంటే అసలు బండిని లెక్క ప్రకారం తగ్గించిన చిన్న నమూనాలు, చేసేవాళ్ళని ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా, జర్మన్ ట్యాంకులకి పసుపు రంగు ఎప్పుడొచ్చిందో చెప్పేస్తారు. 1943 ఫిబ్రవరి. అంతకుముందు ముదురు బూడిద రంగు ఉండేది, ఆ నెల వచ్చిన ఆర్డరుతో ఫ్యాక్టరీలోనే ముదురు పసుపు వేసి పంపడం మొదలుపెట్టారు. దాని మీద వేసుకోడానికి ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగుల్ని చిక్కటి ముద్దలా డబ్బాల్లో పెట్టి యూనిట్లకి ఇస్తే, సిబ్బందే పెట్రోలో నీళ్ళో కలిపి పలచన చేసుకుని స్ప్రే గన్‌తో కొట్టుకునేవాళ్ళు. ఆ రంగుల నంబర్లున్నాయి, ఆర్డర్ల కాపీలున్నాయి, వాటి మీద లావుపాటి పుస్తకాలున్నాయి. అదే 1965 పాకిస్తాన్ యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర నిలబడ్డ మన షెర్మన్ ట్యాంకు సరిగ్గా ఏ ఆకుపచ్చలో ఉండేది అని అడిగి చూడండి. "ఆర్మీ గ్రీనే కదా" అని ఊరుకుంటారు. ఆ ఆకుపచ్చలో ఎన్ని ఆకుపచ్చలుంటాయో నాకు చిన్నప్పుడే తెలుసు, ఎందుకంటే నేను పెరిగింది ఎద్దుమైలారంలో.

అక్కడున్నది బయటివాళ్ళకి మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, మాకు మాత్రం ఓడీఎఫ్. 1984లో పెట్టారు. రష్యా డిజైన్ అయిన బీఎంపీ-2 ని అక్కడ తయారు చేస్తారు, మన సైన్యంలో దాని పేరు సారథ్. నడిపే సిబ్బంది ముగ్గురు, వాళ్ళతో పాటు ఏడుగురు సైనికులు ఎక్కే బండి, పైన 30 మిల్లీమీటర్ల గన్ను, చైన్ల మీద నడుస్తుంది, నీళ్ళలో దింపితే అవే చైన్లు తిప్పుకుంటూ తేలుతూ పోతుంది. 1987లో మొదటి సారథ్ బయటికొచ్చింది. నాన్న చెన్నై దగ్గర ఆవడి ట్యాంకుల ఫ్యాక్టరీ నుంచి బదిలీ మీద వచ్చారు. అక్కడ విజయంత ట్యాంకుల మీద పనిచేసిన మనిషి కాబట్టి సారథ్‌ని మొదట్లో కొంచెం చిన్నచూపు చూసేవారు, "14 టన్నులకి ట్యాంకంటారా" అని, తర్వాత తర్వాత దాని గురించి ఎవరైనా తక్కువ మాట్లాడితే ఒప్పుకునేవారు కాదు. కాలనీ నిండా తమిళులు, బెంగాలీలు, కాన్పూర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, కృష్ణా గుంటూరు వాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. క్వార్టర్స్‌లో ఏ ఇంటి వంట వాసన ఏ రాష్ట్రానిదో మెట్ల దగ్గరే తెలిసిపోయేది.

ఫోటోలు తియ్యకూడదు. కెమెరా అన్న మాట కూడా ఎత్తకూడదు. నాన్న దగ్గర ఒక పాత కెమెరా ఉండేది, అది పెళ్ళిళ్ళకి, తిరుపతికి మాత్రమే బయటికొచ్చేది. అందుకని మేము చూసిందంతా కళ్ళతో గుర్తుపెట్టుకోవడమే. నాకు ఈ రోజుకీ కళ్ళు మూసుకుంటే కనపడేది, కొత్తగా రంగు వేసిన బండికీ టెస్ట్ ట్రాక్ మీద తిరిగొచ్చిన బండికీ ఉన్న తేడా. కొత్త బండి ముదురు ఆకుపచ్చ, నీడలో చూస్తే నలుపు అనిపించేంత ముదురు. తిరిగొచ్చిన బండి ఎండాకాలమైతే మోకాలెత్తు దాకా ఎర్రగా, పైన లేత గంధం రంగులో, హాచ్‌ల (ఎక్కి దిగే మూతల) చుట్టూ మాత్రం చేతులూ బూట్లూ తగిలి మళ్ళీ ముదురుగా ఉండేది. వానాకాలమైతే నల్లరేగడి బురద చక్రాల మధ్య ముద్దలు కట్టి, ఎండిన చోట బూడిద రంగుకి తిరిగి, తడిగా ఉన్న చోట నల్లగా నిగనిగలాడేది. ఒకే డబ్బాలోని రంగు, అదే బండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

పెయింట్ షాపులో పనిచేసే ఒకాయన మా బ్లాకులోనే ఉండేవారు, పిల్లలందరికీ ఆయన పెయింట్ మామ. నేను రంగుల గురించి నేర్చుకున్నదాంట్లో సగం ఆయన దగ్గర నుంచే. ఆయన భాషలో ఆకుపచ్చలకి పేర్లుండేవి, డబ్బాల మీద రాసుండే పేర్లు: ఆలివ్ గ్రీన్ స్కామిక్, డీప్ బ్రాంజ్ గ్రీన్. అవి ఆయన నోట్లో పిల్లల పేర్లలా తిరిగేవి. ఇనుము మీద నేరుగా ఆకుపచ్చ వెయ్యరనీ, కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఉంటుందనీ, గీత పడితే ముందు ఆ ఎరుపు కనపడుతుందనీ, ఇంకా లోతుగా పడితేనే ఇనుమనీ, ఆ ఇనుము కూడా వెండిలా మెరవదనీ, నాలుగు రోజుల్లో తుప్పు పట్టి గోధుమరంగు అవుతుందనీ ఆయనే చెప్పారు. ఈ ఒక్క మాట చాలామంది మోడలర్లకి చేరాలి. ఇప్పటికీ బండి అంచులన్నిటికీ వెండి రంగు రాసేస్తారు, చూస్తే నాకు మనసొప్పదు. సైనికుడు రోజూ కాలు పెట్టి ఎక్కే చోట నిజంగా జరిగేది వేరు. రంగు అరిగి, నూనె అంటి, బూటు అడుగుతో పాలిష్ అయి, చుట్టూ ఉన్న మెరుపు లేని మ్యాట్ రంగులో అక్కడొక్కటే నిగారింపు వస్తుంది. పెన్సిల్ గ్రాఫైట్ పొడి వేలితో అద్ది రుద్దితే అది వచ్చేస్తుంది, వెండి రంగు అవసరమే లేదు.

మా చిన్నమామ దుబాయ్ నుంచి వచ్చినప్పుడు టామియా షెర్మన్ కిట్ తెచ్చాడు, 1/35 స్కేల్‌ది. ఈ 35 అనే వింత లెక్క గురించి ఒక మాట. 1961లో టామియా కంపెనీ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల రెండు బ్యాటరీలు పట్టాలని సైజు పెట్టుకుంది, తర్వాత కొలిస్తే అది అసలు ట్యాంకులో సుమారు 35వ వంతు తేలింది. బ్యాటరీ సైజు బట్టి పుట్టిన లెక్క ఇవాళ ప్రపంచమంతా పాటిస్తోంది. సరే, కిట్ వచ్చింది, రంగులెక్కడివి? హంబ్రోల్, టామియా రంగుల పేర్లు పెట్టె మీద చదవడమే, హైదరాబాద్‌లో అప్పట్లో నాకు తెలిసిన ఏ షాపులోనూ ఉండేవి కావు. శంకర్‌పల్లి హార్డ్‌వేర్ షాపులో ఏషియన్ పెయింట్స్ చిన్న డబ్బాలు దొరికేవి, గేటుకీ కిటికీకీ వేసే ఎనామిల్. అది వేస్తే ట్యాంకు గ్రిల్ గేటులా మెరుస్తుంది. పెయింట్ మామ చూసి, "మెరుపు చంపాలంటే కొంచెం ఫ్రెంచ్ చాక్ కలుపురా" అన్నారు. ఫ్రెంచ్ చాక్ అంటే క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు లాంటిదే, మెత్తటి టాల్క్. టర్పెంటైన్‌తో పలచన చేసిన ఎనామిల్‌లో ఆ పొడి చిటికెడు వేసి కలిపి, నాలుగు పల్చటి పొరలుగా బ్రష్‌తో వేయించారు. ఆరాక వేలితో తడిమి చూస్తే నిజంగా ఓడీఎఫ్ బండిని తాకినట్టే ఉంది. ఆ రోజు ఆయన మొహంలో సంతోషం నాకంటే ఎక్కువ.

తర్వాత కాలేజీకి హైదరాబాద్ వచ్చేశాను, ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్. పొద్దున్నే వెళ్తే మూసిన షాపుల ముందు పరిచిన పాత పుస్తకాల్లో విదేశీ మిలిటరీ పత్రికలు దొరికేవి, కవర్ చిరిగినవి, ఎవరో అధికారి ఇంటి నుంచి తూకానికి వచ్చినవి. పరిశోధన అంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. ఒక ఫోటో దొరికితే దాని మీద ఎన్ని ప్రశ్నలు వెయ్యాలో చూడండి. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ఒక మచ్చ ముదురుగా ఉంది, అది ఆకుపచ్చా, గోధుమా, ఎరుపా? ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ అయితే దానికి ఎరుపు తెలియదు, ఎర్రవన్నీ నల్లగా పడతాయి, నీలం తెల్లబడుతుంది. అన్ని రంగులూ తెలిసే పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్ అయితే లెక్క మారుతుంది. ఫిల్మ్ ఏదో తెలియకుండా బూడిద రంగు చూసి అసలు రంగు చెప్పడం కుదరదు. కలర్ ఫోటో అయితే బతికిపోయాం అనుకుంటాం, కానీ ప్రింటు వెలిసిపోయి ఉంటుంది, పత్రికలో అచ్చు వేసేటప్పుడు ఎరుపో పసుపో ఎక్కువయి ఉంటుంది. అందుకే ఫోటోలో మనకి ముందే ఖచ్చితంగా తెలిసిన రంగు ఇంకేదైనా ఉందా అని వెతకాలి, మనిషి చర్మం, ఖాకీ చొక్కా, తెల్ల కట్టు, అప్పుడు దాంతో పోల్చి చూడాలి.

అన్నీ రాసిపెట్టుకున్న దేశాల్లోనే ఎన్ని పొరపాట్లు జరిగాయో తెలిస్తే ధైర్యం వస్తుంది. 1940, 41లో ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ ట్యాంకుల మీద కాంటర్ అనే పథకం ఉండేది, వాలుగా పోయే తిన్నటి గీతలతో మూడు రంగులు. అందులో ఒక రంగు లేత నీలం అని దశాబ్దాల పాటు మోడలర్లు, పుస్తకాలవాళ్ళు అందరూ నమ్మారు. తర్వాత పాత కాగితాలు తవ్వి చూస్తే అది సిల్వర్ గ్రే, కాస్త పచ్చదనం కలిసిన బూడిద. ఎడారిలో ఆకాశం నీలం ట్యాంకులు ఎంత అందంగా ఉండేవో అని నేనూ పత్రికల్లో చూస్తూ మురిసిపోయేవాణ్ణి, కానీ ఆ నీలం పోయినందుకు బాధ లేదు, ఎందుకంటే పచ్చ బూడిదే ఆ ఇసుకలో బాగా కలిసిపోతుంది.

మన బండ్ల సంగతికి వస్తే పుస్తకాలు తక్కువ, కాగితాలు మనకి అందవు. కానీ ఒక దారి ఉంది, దాన్ని నాకు రాణిగంజ్ చూపించింది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇండస్ట్రియల్ పెయింట్ అమ్మే షాపుల్లో ఐఎస్ 5 షేడ్ కార్డు ఉంటుంది, భారత ప్రమాణాల సంస్థ రంగుల కార్డు. ఆ నంబర్లు బ్రిటిష్ వాళ్ళ బీఎస్ 381సీ కార్డు నుంచి వచ్చినవే, కాబట్టి అక్కడ 224 డీప్ బ్రాంజ్ గ్రీన్ అయితే ఇక్కడా 224 డీప్ బ్రాంజ్ గ్రీనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం తన బండ్లకి విరివిగా వాడిన రంగు అది. ఆ కార్డు చేతిలో పట్టుకుని షాపు బయట ఎండలోకి వచ్చి చూశాను. 220 ఆలివ్ గ్రీన్, 222 లైట్ బ్రాంజ్, 223 మిడిల్ బ్రాంజ్, 224. వరసగా చిన్న చిన్న గళ్ళు. పెయింట్ మామ నోట్లో విన్న పేర్లన్నీ అక్కడ రంగులై ఉన్నాయి. షాపతను "ఎన్ని లీటర్లు సార్" అని అడుగుతున్నాడు, నాకు కావాల్సింది పది మిల్లీలీటర్లు. కార్డు మాత్రం కొనుక్కుని వచ్చాను, ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, వెలుగు తగలకుండా నల్ల కవర్లో.

కార్డులో ఉన్న రంగుని అలాగే మోడల్ మీద వేస్తే కుదరదు, ఇది కొత్తవాళ్ళు అర్థం చేసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి. మోడల్‌ని ఒక అడుగు దూరం నుంచి చూస్తే, అసలు బండిని 35 అడుగుల దూరం నుంచి చూసినట్టు. ఆ దూరంలో మధ్యలో ఉన్న గాలి, దుమ్ము, వెలుగు అన్నీ కలిసి రంగుని కాస్త లేతగా, కాస్త బూడిదగా చేస్తాయి. చిన్న వస్తువు మీద వెలుగు పడే తీరు కూడా వేరు. డీప్ బ్రాంజ్ గ్రీన్ ఉన్నదున్నట్టు వేస్తే ట్యాంకు నల్ల ముద్దలా కనపడుతుంది, ఒక్క గీతా తెలియదు. చాలామంది తెలుపు కలుపుతారు, నాకది నచ్చదు, ఆకుపచ్చలో తెలుపు పడితే సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. నేను లేత పసుపూ కొంచెం గోధుమ గంధం రంగూ కలుపుతాను, పదో వంతు దగ్గర మొదలుపెట్టి కంటికి సరిపోయేదాకా. పై భాగాలకి ఇంకొంచెం లేత, కింద నీడ పడే చోట అసలు రంగే.

అంచుల విషయం కూడా లెక్కే. స్ప్రే గన్‌తో వేసిన మచ్చకి అంచు మెత్తగా ఉంటుంది, అసలు బండి మీద ఆ మెత్తదనం 10 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, 35తో భాగిస్తే 3 మిల్లీమీటర్ల లోపే. అంతకంటే వెడల్పుగా చెదిరితే అది పొగలా కనపడుతుంది తప్ప ట్యాంకు మీద పెయింట్‌లా ఉండదు. బ్రష్‌తో వేసిన బండి అయితే అంచు కత్తిరించినట్టే ఉండాలి. కాబట్టి ఎయిర్‌బ్రష్ తీసే ముందు, ఆ రోజు ఆ సిబ్బంది చేతిలో ఏముంది అన్నది తెలుసుకోవాలి: కంప్రెసరా, బ్రష్షా, చీపురా, వట్టి చెయ్యా.

వట్టి చెయ్యి అన్నది ఊరికే అనలేదు. ఆర్మర్డ్ రెజిమెంటులో, అంటే ట్యాంకుల దళంలో, పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు పరిచయమయ్యారు, పశ్చిమ గోదావరి మనిషి, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వైపు. ఇంటికో సైనికుడున్న ఊరని పేరు కదా ఆ మాధవరానికి. 1971లో పడమటి సరిహద్దులో ఉన్నారు. నేను కార్డు పట్టుకెళ్ళి "బాబాయ్ గారూ, మీ ట్యాంకు ఇందులో ఏ రంగండీ" అని అడిగితే కార్డు వైపు చూడను కూడా లేదు. "రంగెవడు చూశాడు బాబూ అక్కడ. ఉన్న చోట మట్టి తీసి, నీళ్ళు కలిపి, చేత్తోనో గోనెపట్టాతోనో పూసేసేవోళ్ళం. ఎండితే పెచ్చులు పెచ్చులుగా రాలిపోయేది, మళ్ళీ పూసేవోళ్ళం. ముందు మెరిసేవాటి మీద పూసేవోళ్ళం, హెడ్‌లైట్ అద్దం, నంబరు ప్లేటు, అలాంటివి. ఆ తర్వాతే ఒళ్ళంతా." ఎంతసేపు పూసేవాళ్ళు, ఎవరు పూసేవాళ్ళు, గన్ను గొట్టానికి ఎలా పూసేవాళ్ళు, పారతో విసిరేవాళ్ళా, అన్నీ అడిగాను. గొట్టానికి చుట్టూ చేత్తో రాస్తే వేళ్ళ గీతలు పడేవట, కింద భాగం ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదట, చెయ్యి అందని చోట ఆకుపచ్చ అలాగే మిగిలిపోయేదట. ఒక గంట మాటల్లో నాకు ఏ పుస్తకంలోనూ దొరకనిది దొరికింది. వాళ్ళావిడ పెట్టిన పూతరేకులు తింటూ నోట్‌బుక్‌లో ట్యాంకు బొమ్మ గీసి, ఎక్కడెక్కడ మట్టి ఎంత మందమో ఆయన చేతే గుర్తులు పెట్టించుకున్నాను.

ఆ మట్టి మోడల్ మీద రావడానికి హెయిర్ స్ప్రే పద్ధతి సరిగ్గా సరిపోయింది. ముందు ఆకుపచ్చ వేసి బాగా ఆరనిచ్చి, దాని మీద మామూలు హెయిర్ స్ప్రే కొట్టి, పైన నీళ్ళతో కలిపే యాక్రిలిక్ మట్టి రంగు వేస్తాం. కాసేపాగి తడి బ్రష్‌తో రుద్దితే హెయిర్ స్ప్రే కరిగి పై రంగు పెచ్చులుగా ఊడుతుంది. ఎక్కడ రుద్దాలి అన్నదానికి బాబాయ్ గారి బొమ్మ ఉంది. వేళ్ళ గీతల కోసం సన్నటి బ్రష్ చివర కత్తిరించి మూడు పాయలుగా చేశాను. దుమ్ముకి నిజం మట్టి వాడొచ్చా అని అడుగుతుంటారు. ఊళ్ళో మట్టి తెచ్చి, నూరి, పల్చటి గుడ్డలో జల్లించినా రేణువు పదో వంతు మిల్లీమీటరు ఉందనుకుంటే అసలు బండి మీద అది మూడున్నర మిల్లీమీటర్ల రాయి. చక్రాల కింద, బురదలో కలిపితే బాగుంటుంది, పైన దుమ్ముగా చల్లితే మాత్రం కంకర పోసినట్టుంటుంది. పైకి పాస్టెల్ చాక్ పొడే మంచిది.

ఇక నేను ఎక్కువ కాలం కూర్చున్న పని, డెక్కన్ హార్స్ షెర్మన్. ఆ రెజిమెంటు పేరులోనే మన నేల ఉంది. నిజాం కాలంలో హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల నుంచి వచ్చిన రెండు రెజిమెంట్లు 1921లో కలిసి అది ఏర్పడింది. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దాటి పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు ముందుకొచ్చినప్పుడు అసల్ ఉత్తర్ దగ్గర ఎదురు నిలిచిన వాటిలో డెక్కన్ హార్స్ షెర్మన్లున్నాయి, థర్డ్ క్యావల్రీ సెంచూరియన్లున్నాయి, ఎయిత్ క్యావల్రీ ఏఎంఎక్స్-13లున్నాయి. షెర్మన్ అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత బండి, ఎదురుగా ప్యాటన్ దానికన్నా కొత్తది, బలమైంది. మనవాళ్ళు గుర్రపు నాడా ఆకారంలో మోహరించి, రాత్రికి రాత్రి కాలవ నీళ్ళు పొలాల్లోకి వదిలి, కోతకి రాని చెరకు తోటల్లో ట్యాంకుల్ని దాచి కూర్చున్నారు. లోపలికొచ్చిన ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. జీపు మీద 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్నుతో అబ్దుల్ హమీద్ ప్యాటన్లని కొట్టి ప్రాణాలు ఇచ్చింది అక్కడే, 10వ తేదీన, ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు. పట్టుబడ్డ, దెబ్బతిన్న ప్యాటన్లని వరసగా నిలబెట్టిన చోటు ప్యాటన్ నగర్ అయింది.

అంటే ఆ యుద్ధంలో కామోఫ్లాజ్, శత్రువు కంటికి కనపడకుండా కలిసిపోవడం, అంటే చెరకు. ఈ సంగతి నాకు తట్టినప్పుడు లేచి నిలబడిపోయాను, ఎందుకంటే మా అమ్మమ్మ వాళ్ళది జహీరాబాద్ వైపు, చెరకు నాకు తెలుసు. సెలవుల్లో తోటలో దాగుడుమూతలు ఆడితే నాలుగు అడుగుల దూరంలో ఉన్నవాడు కనపడడు, ఆకుల అంచులకి చేతులు కోసుకుపోయి సాయంత్రం స్నానం చేస్తుంటే చురుక్కుమనేది. లెక్క వేశాను. షెర్మన్ ఎత్తు సుమారు 2.74 మీటర్లు, 1/35లో 7.8 సెంటీమీటర్లు. సెప్టెంబరు చెరకు మూడు మీటర్లు అనుకుంటే 8.6 సెంటీమీటర్లు. చెరకు ట్యాంకుని టరెట్ (గన్ను ఉండే, చుట్టూ తిరిగే పై భాగం) పైదాకా మింగేస్తుంది, కమాండర్ హాచ్‌లో నిలబడితే తల మాత్రం ఆకుల పైకొస్తుంది. బయటినుంచి చూసేవాడికి తోటే. లోపలున్నవాడికి కూడా ముందు ఏమీ కనపడదు, కాబట్టి గన్ను ఎదురుగా కొంత చెరకు వంచో కోసో దారి చేసుకుని ఉండాలి. వెనక చైన్లు తొక్కిన దారి రెండు చారలుగా పడి ఉంటుంది, దాన్ని కప్పకపోతే పైనుంచి చూసేవాడికి దొరికిపోతారు. ఇవన్నీ నా డయోరామాలో, అంటే చుట్టూ నేలా తోటా కలిపి చేసే దృశ్యంలో, ఉండాలనుకున్నాను.

చెరకు చెయ్యడానికే నెలలు పట్టింది. గడకి కొబ్బరి చీపురు ఈనెలు, కణుపుల దగ్గర సన్నగా గోధుమ గీత. ఆకు అసలు వెడల్పు ఐదారు సెంటీమీటర్లు, అంటే కాగితం ఒకటిన్నర మిల్లీమీటర్ల పట్టీలుగా కొయ్యాలి, మధ్యలో వేలి గోరుతో మడత నొక్కితే ఈనె వస్తుంది, దాని మీద లేత రంగు గీత. మా అమ్మాయి సగం ఆకులు కోసింది, నాకన్నా శ్రద్ధగా. కింద ఎండాకు గడ్డి రంగులో వేలాడాలి, దాన్ని వదిలేస్తే తోట ప్లాస్టిక్ మొక్కలా ఉంటుంది. ట్యాంకు మీద వలకి మెడికల్ షాపు గాజుగుడ్డ, పలచన చేసిన ఫెవికాల్‌లో ముంచి పరిచి, ఆరకముందే వాడిన టీ పొడి చల్లి, పైన ఆకుపచ్చ పలచగా. చెరకు ఆకులు కొన్ని కట్టలుగా టరెట్‌కి కట్టాను, వాటి రంగు మాత్రం తోటలో ఆకుకంటే వాడిపోయినట్టు వేశాను, ఎందుకంటే కోసిన ఆకు ఆ ఎండలో గంటల్లోనే పాలిపోతుంది. పొద్దున కట్టిన ఆకు మధ్యాహ్నానికి వాడిపోయి, పచ్చటి తోటలో గోధుమ మచ్చలా కనపడుతుంది. మళ్ళీ కొత్తది కొయ్యాలి. ఎండలో నిలబడి ఆకులు మారుస్తున్న ఒక జవాను బొమ్మని అందుకే పెట్టాను.

మ్యూజియం ట్యాంకుల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. అహ్మద్‌నగర్, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు, అక్కడ 1994లో పెట్టిన క్యావల్రీ ట్యాంక్ మ్యూజియం మన మోడలర్లకి పుణ్యక్షేత్రం. షెర్మన్, సెంచూరియన్, విజయంత చుట్టూ తిరిగి చూసుకోవచ్చు. వెల్డింగ్ గీతలు, పోత పోసిన ఇనుము గరుకుదనం, పట్టుకునే కమ్మీలు, కొలతలు, వీటికి మ్యూజియం కంటే గొప్ప గురువు లేదు. కానీ పైన కనపడే రంగు వానకీ ఎండకీ పాడవకుండా ఏటేటా వేసే రంగు. మన ఊళ్ళల్లో కూడళ్ళలో పెట్టిన ట్యాంకులూ అంతే. అయినా నేను ప్రతి ట్యాంకు దగ్గరా వంగి, ఎక్కడైనా పెచ్చు లేచిన చోటు ఉందా అని చూస్తాను, అక్కడ ఉల్లి పొరల్లా ఒక దాని కింద ఒకటి ఆకుపచ్చలు కనపడతాయి, అట్టడుగున ఒక్కోసారి రెడ్ ఆక్సైడ్ కూడా. కాపలా ఉన్నవాళ్ళు అనుమానంగా చూస్తారు, విషయం చెప్తే వాళ్ళే ఇంకో పెచ్చు చూపిస్తారు.

పెయింట్ మామ రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు, ఫోన్లో మాట్లాడుకుంటాం. షెర్మన్ ఫోటో పంపితే, "ముందు చక్రాల మీద బురద తక్కువైంది, చైను పైకెత్తి విసిరేది వెనక్కే అయినా బంపరు కిందకి చేరుతుంది" అన్నారు. సరిచేశాను. ఇప్పుడు బల్ల మీద జ్వెజ్డా అనే కిట్ కంపెనీ వాళ్ళ బీఎంపీ-2 ఉంది. రాజస్థాన్‌లో ఉండే ఇసుక రంగు మీద ఆకుపచ్చ పట్టీల సారథ్ బాగుంటుందని స్నేహితులు అంటున్నారు, రిపబ్లిక్ డే పరేడ్‌లో చూసింది అదే కాబట్టి. నేను మాత్రం టెస్ట్ ట్రాక్ మీద నుంచి అప్పుడే వచ్చిన ఓడీఎఫ్ బండినే చేస్తున్నాను, ఎర్రదుమ్ముతో. వెనక తలుపుల్లో డీజిల్ ట్యాంకులుంటాయి ఆ బండికి, పోసేటప్పుడు ఒలికిన డీజిల్ దుమ్ము మీద చారలుగా దిగేది, అది నాకు స్పష్టంగా గుర్తుంది, ఎనామిల్ వాష్‌లో, అంటే బాగా పలచన చేసిన రంగులో, కొంచెం మెరుపు వార్నిష్ కలిపి ఆ చారలు వేశాను, బాగా వచ్చాయి.

మీ ఇంట్లో సైన్యంలో పనిచేసిన తాతగారో మేనమామో ఉంటే, పాత ఆల్బమ్ ఒకసారి తీసి చూడండి. ఇప్పటి ఫ్యాక్టరీలవీ యూనిట్లవీ ఫోటోలు నాకు వద్దు, ఎవరూ పంపకండి కూడా. 1965, 71 నాటి సొంత ఫోటోలు, బండి ముందు నిలబడి తీయించుకున్నవి, అవి చాలు. వెనకాల బండి సగమే పడినా పర్లేదు, బ్లాక్ అండ్ వైట్ అయినా పర్లేదు. ఫోటో వెనక ఊరు, తేదీ రాసుంటే అది కూడా పంపండి. ఆయన ఇంకా ఉంటే, దయచేసి బండి రంగు గురించి అడగండి, మట్టి పూసేవాళ్ళా, ఏం మట్టి, దేంతో పూసేవాళ్ళు, వల ఎక్కడ కట్టేవాళ్ళు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.